పైక్యూటీ5 నుంచి పైక్యూటీ6కు మారే ముందు జాగ్రత్తలు (పైక్యూటీ అంటే పైథాన్‌లో విండోలు, బటన్లు ఉన్న ప్రోగ్రాంలు రాసే లైబ్రరీ)

- నడుస్తున్న ప్రోగ్రాం జోలికి వెళ్లవద్దు. కొత్త వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (లైబ్రరీలను విడిగా ఉంచే చోటు) తయారు చేసుకుని, పైక్యూటీ6 అందులోనే ఇన్‌స్టాల్ చేయండి.

- పాత ఎన్విరాన్‌మెంట్‌లో, ఇన్‌స్టాల్ అయిన లైబ్రరీలను చూపే ‘పిప్ ఫ్రీజ్’ ఆదేశం నడిపి, వెర్షన్ల జాబితాను ఫైలులో దాచండి. వెనక్కి రావాల్సి వస్తే అదే దిక్కు.

- ఒకే ప్రోగ్రాంలో రెండు వెర్షన్లనూ కలిపి ఇంపోర్ట్ చేయవద్దు.

- అసలు తలనొప్పి ఈనమ్‌లతోనే, అంటే పేరు పెట్టిన స్థిర విలువలతోనే. ‘క్యూటీ.అలైన్‌సెంటర్’ అని పొట్టిగా రాస్తే 6 ఒప్పుకోదు, ‘క్యూటీ.అలైన్‌మెంట్‌ఫ్లాగ్.అలైన్‌సెంటర్’ అని పూర్తి పేరు ఇవ్వాలి. చిక్కేమిటంటే, ఆ వరుస అమలయ్యేదాకా తప్పు బయటపడదు. విండో తెరుచుకుంది కదా అని సంబరపడక, ప్రతి మెనూ, ప్రతి డైలాగ్, ఎవరూ ముట్టని ఆ ‘గురించి’ బటన్‌తో సహా, నొక్కి చూడండి.

- ప్రోగ్రాంను, డైలాగ్‌లను నడిపే ‘ఎగ్జెక్_’ చివరి అండర్‌స్కోర్ తీసేయండి. మెనూ ఆదేశాలకు వాడే క్యూయాక్షన్ ఇప్పుడు క్యూటీవిడ్జెట్స్ మాడ్యూల్‌లో కాదు, క్యూటీజీయూఐ మాడ్యూల్‌లో ఉంటుంది.

- ప్రోగ్రాం అమ్మే ఆలోచన ఉంటే లైసెన్సు ముందే చదవండి. పైక్యూటీ6 జీపీఎల్ 3 (ప్రోగ్రాం పంచితే సోర్స్ కోడ్ కూడా ఇవ్వాలనే ఉచిత లైసెన్సు) కింద గానీ, డబ్బు కట్టే వాణిజ్య లైసెన్సు కింద గానీ వస్తుంది. రెండూ కుదరకపోతే ఎల్‌జీపీఎల్ (అంతకంటే సడలింపు ఉన్న లైసెన్సు) కింద కూడా దొరికే పైసైడ్6 అనే ఇలాంటిదే మరో లైబ్రరీ మేలు. మార్చే శ్రమ ఎలాగూ పడుతున్నారు. పైక్యూటీసిగ్నల్ అని రాసిన చోటల్లా పైసైడ్6లో సిగ్నల్ అని మార్చుకోవాలి.