చిన్నపిల్లల గురక: ఇంట్లో ఎలా గమనించాలి, డాక్టరుకు ఎలా చూపించాలి?

పగలంతా ఎగిరి దూకిన పిల్లాడు రాత్రి గురక పెడితే 'పాపం, అలిసిపోయి ఒళ్ళు తెలియకుండా నిద్రపోతున్నాడు' అంటారు ఇంట్లో పెద్దవాళ్ళు. జలుబు చేసిన నాలుగు రోజులు గురక వచ్చి, జలుబుతో పాటే పోతే కంగారు అక్కర్లేదు. జలుబు లేకపోయినా వారంలో మూడు రాత్రులో, అంతకన్నా ఎక్కువో గురక వినిపిస్తుంటే మాత్రం డాక్టరుకు చూపించాల్సిందే. గురక పెట్టే పిల్లలందరికీ జబ్బు ఉండదు. నూటికి ఒకరి నుంచి ఐదుగురు పిల్లలకు స్లీప్ అప్నియా, అంటే నిద్రలో ఊపిరి అడ్డుపడే జబ్బు ఉంటుందని అంచనా. మీ బిడ్డ ఆ కొద్దిమందిలో ఉందో లేదో గురక చప్పుడు ఒక్కటే విని ఎవరూ చెప్పలేరు.

రెండేళ్ళ నుంచి ఎనిమిదేళ్ళ వరకు గొంతులో టాన్సిల్స్, ముక్కు వెనక అడినాయిడ్స్ అనే మెత్తటి కణజాలం పెద్దవిగా ఉంటాయి. గాలి వెళ్ళే దారి మాత్రం ఇంకా చిన్నదే. మెలకువగా ఉన్నప్పుడు కండరాలు ఆ దారిని తెరిచి ఉంచుతాయి. నిద్రలో అవి వదులవగానే కొందరిలో దారి మూసుకుపోతుంది. బిడ్డ గాలి కోసం గుంజుకుంటుంది, మెదడు ఒక్క క్షణం ఉలిక్కిపడి లేస్తుంది, మళ్ళీ ఊపిరి ఆడుతుంది. రాత్రంతా ఇదే జరిగితే పదిగంటలు పడుకున్నా నిద్ర చాలదు.

ముందు: వారం రోజులు గమనించండి

పిల్లల పక్కన పడుకునేది చాలా ఇళ్ళల్లో అవ్వే. కాబట్టి ఆమెనే అడగండి. మధ్యలో చప్పుడు ఆగి, తర్వాత గుక్కపట్టినట్టు ఊపిరి లాగుతున్నాడా? నోరు తెరిచి నిద్రపోతున్నాడా? మెడ వెనక్కి వంచి, లేదా బోర్లా పడి మోకాళ్ళ మీదికి ముడుచుకుని పడుకుంటున్నాడా? ఫ్యాను తిరుగుతున్నా తలగడ తడిసేంత చెమట పడుతోందా? పక్క తడపడం మానేసిన పిల్లాడు మళ్ళీ మొదలుపెట్టాడా?

పగటి లక్షణాలే ఎక్కువ మోసం చేస్తాయి. నిద్ర చాలని పెద్దవాళ్ళు కునికిపాట్లు పడతారు. పిల్లల్లో చాలామంది అలా కాకుండా ఇంకా రెచ్చిపోతారు. కుదురుగా కూర్చోరు, ఊరికే ఏడుస్తారు, బడిలో చెప్పింది వినరు. అల్లరి పిల్లాడని పేరు పడిపోతుంది, దెబ్బలు కూడా తింటాడు. ఒక్కసారి టీచరును కలిసి, తరగతిలో ఎలా ఉంటున్నాడో అడిగి రాసుకోండి. పొద్దున లేవగానే తలనొప్పి అంటున్నాడా, వయసుకు తగ్గట్టు బరువు పెరగడం లేదా అన్నదీ రాయండి. లావుగా ఉన్న పిల్లలకు ఈ జబ్బు ఎక్కువన్నది నిజమే. అయితే అన్నం మింగడానికి కష్టపడి, రాత్రంతా ఊపిరి కోసం శక్తి ఖర్చుచేసి సన్నగా ఉండిపోయే పిల్లలూ ఉంటారు.

వీడియో తీయడం: ఈ పని మాత్రం వదలకండి

ఓపీలో పిల్లాడు చలాకీగా కబుర్లు చెబుతుంటాడు. ఆ పది నిమిషాల్లో డాక్టరుకు రాత్రి కష్టం ఎలా కనిపిస్తుంది? ఫోన్‌లో వీడియో తీసుకెళ్తే మాట సగం తగ్గుతుంది.

ఎప్పుడు తీయాలన్నది ముఖ్యం. పిల్లల్లో ఊపిరి అడ్డుపడటం కలలు వచ్చే నిద్రలో ఎక్కువ, ఆ నిద్ర తెల్లవారుజాము వైపు ఎక్కువ. రాత్రి పది గంటలకు తొంగి చూసి 'బాగానే ఉన్నాడే' అనుకునేది ఇందుకే. కొండ మీద సుప్రభాతం వేళకు, అంటే మూడు నుంచి ఐదు గంటల మధ్య అలారం పెట్టుకుని లేవండి. చొక్కా పైకి జరిపి, ముఖం, ఛాతీ, పొట్ట మూడూ కనిపించేలా ఫోన్ పట్టుకోండి. చిన్న లైటు చాలు. ఫ్యాను రొద గురకను మింగేస్తుంది కాబట్టి వీలైతే ఆ కాసేపు ఆపండి. ఐదు నిమిషాలు కదలకుండా తీయండి. వేర్వేరు రాత్రుల్లో రెండు మూడు వీడియోలు ఉంటే మంచిది.

ఛాతీ లోపలికి, పొట్ట పైకి ఎదురెదురుగా కదులుతుంటే, ఛాతీ కదులుతున్నా ముక్కు దగ్గర గాలి చప్పుడు లేకపోతే, దారి మూసుకుందని అర్థం. పెద్దవాళ్ళకు ఊపిరి పది సెకన్లు ఆగితేనే లెక్కలోకి తీసుకుంటారు. పిల్లలకు రెండు శ్వాసలు తప్పినా లెక్కే.

పెదాలు నీలంగా మారినా, లేపితే లేవకపోయినా, మెలకువలోనే ఊపిరికి ఎగపోస్తున్నా వీడియో సంగతి వదిలేసి 108కి ఫోన్ చేయండి.

డాక్టరు దగ్గర

ముందు పిల్లల డాక్టరు, తర్వాత ఈఎన్‌టీ డాక్టరు. తిరుపతి రుయా ఆసుపత్రిలో రెండు విభాగాలూ ఉన్నాయి. అడినాయిడ్స్ నోరు తెరిస్తే కనిపించవు. మెడ పక్కనుంచి ఎక్స్‌రే తీసి గానీ, ముక్కులోంచి సన్నని గొట్టం కెమెరాతో గానీ చూస్తారు.

జబ్బు ఉందని తేల్చే అసలు పరీక్ష స్లీప్ స్టడీ. రాత్రంతా ఆసుపత్రిలో పడుకోబెట్టి ఊపిరి, ఆక్సిజన్, గుండె, మెదడు తీరు రికార్డు చేస్తారు. నొప్పి ఉండదు, తల్లి పక్కనే ఉండవచ్చు. గంటకు ఎన్నిసార్లు ఊపిరి అడ్డుపడిందో లెక్క వస్తుంది. పెద్దవాళ్ళకు గంటకు ఐదు లోపు మామూలే. పిల్లలకు ఒకటి దాటితేనే మామూలు కాదు, పది దాటితే తీవ్రం. ఇక్కడొక జాగ్రత్త. స్లీప్ ల్యాబ్ ఉన్న చోటల్లా చిన్నపిల్లలకు చేయరు. చెన్నైకో, వేలూరుకో బస్సెక్కే ముందే ఫోన్ చేసి 'నాలుగేళ్ళ పిల్లకు చేస్తారా' అని వయసు చెప్పి అడగండి. డౌన్ సిండ్రోమ్ (పుట్టుకతోనే ఉండే ఒక జన్యు సమస్య) ఉన్న బిడ్డకైతే గురక లేకపోయినా నాలుగేళ్ళ లోపు ఈ పరీక్ష చేయించమంటారు.

ఈలోగా ఇంట్లో

పడకగదిలో దోమల చుట్ట, సాంబ్రాణి, సిగరెట్ పొగ మూడూ ఆపేసి దోమతెర కట్టండి. దుప్పట్లు వేడినీళ్ళలో ఉతికి ఎండలో వేయండి. ముక్కు దిబ్బడగా ఉంటే సెలైన్ చుక్కలు వేయవచ్చు. ముక్కులో నూనె చుక్కలు వద్దు, అవి ఊపిరితిత్తుల్లోకి దిగితే న్యుమోనియా రావచ్చు. నోటికి టేపు అంటించమనే వీడియోలు తిరుగుతున్నాయి. ముక్కు మూసుకుపోయిన పిల్లకు నోరూ మూస్తే ఇంకేముంది? దయచేసి ఆ పని చేయకండి. నిద్ర వచ్చే దగ్గు సిరప్ కూడా డాక్టరు చెప్పకుండా ఇవ్వకూడదు.

ఆపరేషన్ అంటే

జబ్బు తక్కువగా ఉంటే కొన్ని వారాలు ముక్కులో స్టెరాయిడ్ స్ప్రే ఇచ్చి చూస్తారు. మాంటెలుకాస్ట్ అనే మందు ఇస్తే పిల్లాడి ప్రవర్తనలో తేడా, పీడకలలు వస్తున్నాయేమో కనిపెట్టి చెప్పండి. జబ్బు అంతకు మించి ఉంటే టాన్సిల్స్, అడినాయిడ్స్ తీసేయడమే ప్రధాన చికిత్స. 2013లో అమెరికాలో వెలువడిన ఒక పెద్ద పరిశోధనలో ఐదు నుంచి తొమ్మిదేళ్ళ పిల్లలను ఏడు నెలల తర్వాత చూస్తే, ఆపరేషన్ చేసినవాళ్ళలో 79 శాతం మందికి, చేయకుండా వేచి చూసినవాళ్ళలో 46 శాతం మందికి నిద్ర పరీక్ష మామూలుగా వచ్చింది. అంటే జబ్బు తీవ్రంగా లేకపోతే కొన్నాళ్ళు ఆగి చూద్దామని డాక్టరు అనడంలోనూ అర్థముంది. టాన్సిల్స్ తీస్తే రోగాలను తట్టుకునే శక్తి పోతుందన్న భయంతో మాత్రం ఆపకండి. ఆ పని చేసే కణజాలం ఒంట్లో ఇంకా చాలా ఉంది.

ఖర్చు గురించి టెన్షన్ ఉంటే ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను కలిసి, ఎన్టీఆర్ వైద్య సేవ కింద వర్తిస్తుందేమో ముందే అడగండి. పిల్లాడికి స్లీప్ అప్నియా ఉందని మత్తు డాక్టరుకు మీ నోటితో మీరే చెప్పండి. మూడేళ్ళ లోపు పిల్లలను, జబ్బు తీవ్రంగా ఉన్నవాళ్ళను ఆ రాత్రి ఆసుపత్రిలోనే ఉంచాలి. నొప్పికి కోడీన్ ఉన్న మందు, యాస్పిరిన్ పిల్లలకు ఇవ్వకూడదు.

ఇంటికొచ్చాక గొంతులో తెల్లటి పొర, నోటి వాసన మామూలే. నీళ్ళు తాగించడమే పెద్ద పని. చల్లటి మజ్జిగ, ఐస్‌క్రీం ఇస్తే అవ్వ వద్దంటుంది గానీ డాక్టర్లు ఇవ్వమనే చెబుతారు. మురుకులు, కరకరలాడేవి రెండు వారాలు పక్కన పెట్టండి. ఐదో రోజు నుంచి పదో రోజు మధ్య పొర ఊడేటప్పుడు రక్తం రావచ్చు. తాజా ఎర్రటి రక్తం కనిపిస్తే కొంచెమే అని ఊరుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. అందుకే ఆ రెండు వారాలు ఊరి ప్రయాణాలు, పెళ్ళిళ్ళు పెట్టుకోవద్దు.

ఆరు నుంచి ఎనిమిది వారాలకు మళ్ళీ చూపించాలి. బాగా లావుగా ఉన్నవాళ్ళకు, డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్ళకు, మొదట జబ్బు తీవ్రంగా ఉన్నవాళ్ళకు కొంత మిగిలిపోవచ్చు కాబట్టి స్లీప్ స్టడీ మళ్ళీ చేయిస్తారు. మిగిలితే బరువు తగ్గించడం, నిద్రలో గాలిని ఒత్తిడితో పంపే సీప్యాప్ మాస్కు, పై దవడ ఇరుకుగా ఉంటే పళ్ళ డాక్టరు వేసే క్లిప్పు లాంటి దారులు ఉన్నాయి.