భయంతో కరిచే చిన్న కుక్క – మూడో పాఠం: ముందు మనిషి, తర్వాత చికెన్

మీ కుక్క ఎవరిని చూసి, ఎంత దూరంలో బిగుసుకుపోతోందో వారం రోజులు రాసి పెట్టమన్నాను కదా, ఆ కాగితం దగ్గర పెట్టుకోండి. ఇవాళ్టి పని అంతా దాని మీదే నడుస్తుంది. డాక్టరుకి ఇంకా చూపించనివాళ్లు ముందు అది ముగించుకోండి. చిన్న జాతుల్లో మోకాలి చిప్ప పక్కకి జారడం, పళ్లు, చిగుళ్లు పాడవడం మామూలు. నొప్పితో కరిచే కుక్కకి ముందు కావలసింది వైద్యం.

మా చిట్టి నాలుగు కిలోల పామరేనియన్. బెల్ మోగితే సోఫా కిందికి దూరేది. వచ్చినవాళ్లు వెనక్కి తిరగ్గానే మడమ పట్టుకునేది. మా బావగారు రెండుసార్లు బలయ్యారు. "ఇంత లేదు, ఎంత పొగరో!" అని అందరం నవ్వేవాళ్లం.

అది పొగరు కాదు. ఒకసారి నేల మీద పడుకుని, ఎవరినైనా మీ మీదికి వంగి చేతులు చాచమనండి, తెలుస్తుంది. పెద్ద కుక్క గుర్రుమంటే అందరం రెండడుగులు వెనక్కి వేస్తాం. చిన్నది గుర్రుమంటే ముద్దొస్తోందని ఎత్తుకుని, "ఏం చేయదు, పట్టుకోండి" అని చుట్టాల చేతిలో పెడతాం. గుర్రుమంటే ఎవరూ వినరు, కరిస్తే వదిలేస్తారు అని మనమే నేర్పుతున్నాం. గుర్రుమన్నందుకు కొట్టేవాళ్లు ఇంకో తప్పు చేస్తున్నారు: భయం అలాగే ఉంటుంది, హెచ్చరిక మాత్రం పోతుంది.

ఇక అభ్యాసం. దీనికి ఇద్దరు కావాలి: మీరు, చుట్టంగా నటించే ఒక పెద్దమనిషి. పిల్లలతో ఈ ప్రయోగం వద్దు. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించిన చికెన్‌ని శనగపప్పు బద్దంత ముక్కలు చేయండి. (ఉల్లి, వెల్లుల్లి కుక్కల ఒంటికి పడవు.) కుక్కకి బెల్టు వేయండి, కానీ తాడు వదులుగా ఉండాలి.

మీ కాగితంలో ఎనిమిది అడుగులని ఉంటే పన్నెండు దగ్గర మొదలుపెట్టండి. చుట్టం లోపలికి వచ్చి పక్కకి తిరిగి కూర్చోవాలి. చూడకూడదు, పిలవకూడదు. కుక్క ఆయన్ని చూసింది. మనసులో ఒకటి లెక్కపెట్టి ముక్క వేయండి. ఆయన ఉన్నంతసేపూ ముక్కలు పడుతూనే ఉండాలి, ఆయన బయటికి వెళ్లగానే ఆగిపోవాలి. మూడు నిమిషాలు చాలు.

నేను తప్పింది ఇక్కడే. టెన్షన్‌లో, బెల్ మోగకముందే చికెన్ కవరు విప్పేదాన్ని. నాలుగు రోజులకి కవరు చప్పుడు వింటేనే చిట్టి సోఫా కింద ఉండేది! "చికెన్ వచ్చిందంటే మనిషి వస్తాడు" అని దానికి అర్థమైంది. మనకి కావలసింది "మనిషి వస్తే చికెన్ వస్తుంది" అని. అందుకే ముక్కలు ముందే గిన్నెలో పెట్టి, చప్పుడు లేకుండా పక్కన ఉంచుకోండి.

ముక్క వేసినా తినకపోతే మీరు మరీ దగ్గరగా ఉన్నట్టే. వెనక్కి జరగండి. తింటోంది గానీ వేళ్లు కొరికేలా లాక్కుంటోందా? అప్పుడు కూడా వెనక్కే.

చుట్టం చేత్తో తినిపిస్తానంటే ఒప్పుకోకండి. ఆశకొద్దీ మెడ చాచి దగ్గరికి వస్తుంది, తినడం అయ్యాక తల ఎత్తి చూస్తే మీద ఒక చెయ్యి! చాలా కాట్లు అక్కడే పడతాయి. ముక్క వేసేది మీరే.

పొరపాటున పన్ను దిగితే, ఎంత చిన్న గాటైనా, కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. కారం, సున్నం, పసుపు అద్దే పని వద్దు. "మా కుక్కకి టీకాలు వేయించాం" అనే మాట కూడా డాక్టరుకే చెప్పండి, ఏం చేయాలో ఆయన చూస్తారు.

పది రోజులు ఇదే చేయండి. చుట్టాన్ని చూడగానే కుక్క మీ చేతి వైపు తిరిగి "ఏదీ నా ముక్క?" అన్నట్టు చూస్తే, అప్పుడు ఒక్క అడుగు తగ్గించండి. రెండు కాదు. మాకు పన్నెండు నుంచి ఆరుకి రావడానికి రెండు నెలలు పట్టింది. బావగారు ఇప్పటికీ మా ఇంట్లో కాళ్లు పైకి పెట్టుకునే కూర్చుంటారు, అది వేరే విషయం.

నాలుగో పాఠం: ఎద్దుకి కట్టినట్టు మూతికి చిక్కం. దాన్ని చూసి కుక్క పారిపోకుండా అలవాటు చేయడం ఎలాగో చూద్దాం.