నలుగురే ఉన్న టీమ్‌తో రోడ్ రేస్ ఆడటం ఎలా?

బెంగళూరు వీకెండ్ సైకిల్ రేసులకి టీమ్ జెర్సీ వేసుకుని వచ్చేవాళ్ళు బోలెడుమంది, కానీ ఫ్లాగ్ ఊపాక ఎవరి రేస్ వాళ్ళదే. ఒకే జెర్సీలో ఉన్న నలుగురు ఒకరినొకరు ఛేజ్ చేసుకుని అలిసిపోతే, వెనకాల హాయిగా కూర్చున్నవాడు చివర్లో గద్దలా తన్నుకుపోతాడు. నలుగురున్నా చాలు, టీమ్‌లా ఆడొచ్చు.

ముందు, ఎవరి కోసం ఆడుతున్నామో రేస్ ముందురోజు రాత్రే మారతహళ్ళిలో ఏ టిఫిన్ సెంటర్లోనో కూర్చుని మొహమాటం లేకుండా తేల్చెయ్యండి. ఫినిష్ నంది కొండ మీదైతే క్లైంబర్ (ఎత్తు బాగా ఎక్కేవాడు), ఫ్లాట్ అయితే స్ప్రింటర్ (చివర్లో స్పీడ్‌గా దూకేవాడు), అంతే. మిగతా ముగ్గురికి ఏ ప్లేస్ వచ్చినా పట్టించుకోకూడదు. "ఈసారి నీకు, వచ్చేసారి నాకు అన్నా" అని, ప్రైజ్ మనీ వస్తే నలుగురికీ సమానం అని ముందే అనేసుకుంటే తర్వాత గొడవుండదు.

రెండోది గాలి. గంటకి 35 కిలోమీటర్లు దాటాక మన శక్తంతా దాదాపు గాలిని తొయ్యడానికే పోతుంది, ముందువాడి వీల్ పట్టుకుంటే, అంటే వాడి వెనకాలే అంటిపెట్టుకుని పోతే, పావు వంతుకి పైనే మిగులుతుంది. అందుకే లీడర్‌ని, అంటే మనం ఎవరి కోసం ఆడుతున్నామో వాణ్ణి, చివరిదాకా ఎండలో పెట్టినా పర్లేదు గానీ గాలిలో పెట్టకూడదు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా ఇక్కడ పడమటి గాలి కదా, దేవనహళ్ళి వైపు ఉత్తరానికి పోతుంటే అది ఎడమ నుంచి కొడుతుంది, కాబట్టి ముందువాడికి సరిగ్గా వెనక కాకుండా కాస్త కుడి పక్కకి ఉంటేనే డ్రాఫ్ట్ (గాలి చాటు) దొరుకుతుంది. ట్రాఫిక్ ఆపని రోడ్డయితే కుడికి మరీ జరగొద్దు, ఎదురుగా టెంపో వస్తుంది. పుల్ (ముందుండి గాలిని తోస్తూ లాగడం) అయ్యాక గాలి వచ్చే వైపుకే తప్పుకోవాలి, పుల్స్ అరనిమిషం లోపే, ముందుకి రాగానే స్పీడ్ పెంచేసే హీరోయిజం వద్దు.

ఇక బ్రేక్‌అవే, అంటే గుంపుని వదిలి ముందుకెళ్ళిపోవడం, ఎక్కువ టీమ్‌లు మునిగేది ఇక్కడే. మనవాడు ముందుకెళ్ళిపోయాడంటే వెనకున్న ముగ్గురి పని ఏంటంటే, ఏం చెయ్యకపోవడం. బంచ్‌లో (వెనకున్న పెద్ద గుంపులో) ముందు నుంచి రెండో వీల్‌లోనో మూడో వీల్‌లోనో కూర్చోండి, ఎవడైనా దూకితే వాడి వీల్ పట్టుకోండి, పుల్ మాత్రం ఇవ్వొద్దు. "పుల్ చెయ్ బాస్, పుల్ చెయ్" అని తిడతారు, తిట్టనివ్వండి. అలాగని బ్రేకులు వెయ్యడం, అడ్డం తిరగడం లాంటివి చేశారంటే డిస్‌క్వాలిఫై అవుతారు, పైగా పదిమంది కిందపడతారు. ముందుకెళ్ళినవాడు పట్టుబడ్డాడా, బంచ్ ఊపిరి తీసుకునే ఆ పది సెకన్లలోనే రెండోవాడు అటాక్ చెయ్యాలి, అదీ ముందు నుంచి కాదు, నాలుగైదు వీల్స్ వెనక నుంచి స్పీడ్‌తో, రోడ్డుకి ఆ చివర నుంచి.

అదే గట్టి టీమ్‌లన్నిటికీ బ్రేక్‌లో మనుషులుండి మనకి లేకపోతే ఛేజ్ చేసే దిక్కు మనమే. గ్యాప్ కళ్ళకి ఆనుతున్నప్పుడే ఒకడు దాన్ని దాటి బ్రేక్‌ని అందుకోవాలి, లేదంటే ఇద్దరిని బలి పెట్టి లాగించాలి. 10 కిలోమీటర్లు మిగిలుంటే నిమిషం గ్యాప్ పూడ్చొచ్చని ప్రోల దగ్గర ఒక పాత లెక్క ఉంది, మన బంచ్‌లో దాన్ని నమ్ముకోవద్దు, లాగేవాడు ఒకడు చూసేవాళ్ళు ఇరవైమంది.

ఇంకోటి, రేస్‌లో ప్లాన్ తెలుగులో అరుచుకుంటే ఎవరికీ తెలీదనుకోకండి, బంచ్‌లో మనవాళ్ళు చాలామందే ఉంటారు, అసలు చిక్కబళ్ళాపూర్ దాటి బాగేపల్లి వైపు వెళ్తే రోడ్డు పక్క టీ కొట్టువాడు కూడా తెలుగే. చిన్న కోడ్ పెట్టుకోండి. "నీళ్ళున్నాయా?" అంటే కాళ్ళలో ఇంకా సత్తువుందా అని, "బాటిల్ ఖాళీ" అంటే నా పని అయిపోయింది, నా మీద ఆశ పెట్టుకోవద్దని.

ఫ్లాట్ ఫినిష్ అయితే లీడౌట్, అంటే స్ప్రింటర్‌ని గాలి చాటున చివరిదాకా లాక్కెళ్ళడం. ఫినిష్‌కి 2 కిలోమీటర్ల నుంచి మొదటివాడు, కిలోమీటర్ దగ్గర రెండోవాడు, చివరి 500లో మూడోవాడు, వాడి వీల్‌లో స్ప్రింటర్. 200 మీటర్ల దగ్గర స్ప్రింటర్‌ని వదలాలి, ఎదురుగాలి ఉంటే 150 దాకా ఆగాలి, వెనకగాలైతే కాస్త ముందే. వదిలాక లీడౌట్ ఇచ్చినవాడు టక్కున పక్కకి రాకుండా, ఏమైందో చూద్దామని తల తిప్పకుండా లైన్ పట్టుకుని తిన్నగా పోవాలి, వెనక నుంచి మిగతా బంచంతా 50 మీద వస్తుంటుంది.