కొత్తవాళ్ల జియోక్యాషింగ్ పోటీ: జట్లు గుమిగూడకుండా, దారి తప్పకుండా

జియోక్యాషింగ్ అంటే అక్షాంశ రేఖాంశాలను బట్టి, ఫోన్ సాయంతో దాచిన డబ్బాలను వెతికే ఆట. పోటీ గందరగోళం కావడానికి ముఖ్యంగా రెండు కారణాలు: జట్లన్నీ ఒకే డబ్బా దగ్గర గుమిగూడడం, అక్షాంశ రేఖాంశాలను ఫోన్లో తప్పుగా ఎక్కించడం.

మొదటిదానికి మందు తేలిక. ఆరు జట్లు, ఆరు డబ్బాలు. ఒకటో జట్టు ఒకటో డబ్బాతో, రెండోది రెండో డబ్బాతో మొదలుపెట్టి అదే వరుసలో చుట్టి రావాలి. జట్టుకు నలుగురు మించితే ఫోన్ పట్టుకున్న మనిషి వెనకాల మిగతావాళ్లు ఊరికే నడుస్తారు. అందుకే డబ్బా దొరికిన ప్రతిసారీ ఫోన్ చేతులు మారాలి.

రెండోది చాలా మందికి తట్టదు. ఇక్కడ నిమిషమంటే డిగ్రీలో అరవయ్యో వంతు; 30.500 నిమిషాలంటే 0.50833 డిగ్రీలు. దాన్ని 0.305 డిగ్రీలుగా కొడితే అక్షాంశంలోనే దాదాపు 22.5 కిలోమీటర్ల తేడా! జట్లకిచ్చే అక్షాంశ రేఖాంశాల చీటీలన్నీ ఒకే పద్ధతిలో రాసి, బయల్దేరే ముందు కళ్లెదుటే ఉన్న ఒక నమూనా డబ్బాను అందరిచేతా వెతికించండి.

డబ్బా పెట్టేటప్పుడు ఆ చోటి అక్షాంశ రేఖాంశాలను మూడుసార్లు, వేర్వేరు వేళల్లో కొలిచి సగటు తీయండి. ఆరుబయట కూడా ఫోన్ సుమారు ఐదు మీటర్లు తప్పుతుంది; గోడల పక్కన సిగ్నల్ తగిలి తిరిగొస్తుంది కాబట్టి ఇంకా ఎక్కువ. చివరి పది మీటర్లు ఫోన్ జేబులో పెట్టి కళ్లతో వెతకమనండి.

వేగానికి మార్కులు వద్దు, పరుగెత్తి పడతారు. డబ్బాకు 10, సూచన చీటీ విప్పకపోతే మరో 2, డబ్బాను ఉన్నచోటే దాచకపోతే 5 కోత. దొరికినవాళ్లు పేరు రాయడానికి డబ్బా లోపల పెన్ను కాదు, పెన్సిలే పెట్టండి: తడి కాగితం మీద సిరా అలుక్కుపోతుంది.