బ్లూస్ ఫిడేలు: వినడం దగ్గర్నుంచి వాయించడం దాకా

బ్లూస్ (అమెరికా నల్లజాతి వాళ్ల పాటల సంగీతం) అనగానే అందరికీ గిటారు, మౌత్ ఆర్గాన్ గుర్తొస్తాయి గానీ ఫిడేలు ఎవరికీ తట్టదు. 1920ల్లో అమెరికా దక్షిణాది పల్లెల్లో నల్లజాతి వాళ్ల డాన్సులకి వాయించిన బ్యాండ్లలో ఫిడేలుది పెద్ద పీటే, తర్వాత జ్యూక్‌బాక్సులొచ్చి (కాయిన్ వేస్తే పాట వినిపించే పెట్టెలు), గిటారుకి కరెంటొచ్చి, దీన్ని పక్కకి నెట్టేశాయి అంతే. మనలో చిన్నప్పుడు కర్ణాటక వయొలిన్ నేర్చుకుని వర్ణాల దగ్గర ఆపేసి వాయిద్యాన్ని అటక మీద పడేసినవాళ్లు బోలెడు మంది ఉంటారు, ఇది ముఖ్యంగా వాళ్ల కోసం. ఎందుకంటే బ్లూస్ ఫిడేలుకి కావాల్సినవి సగం మీ చేతిలో ఆల్రెడీ ఉన్నాయి.

ముందు వినాలి, వాయిద్యం దించకముందే. మొదట మిసిసిపీ షీక్స్. బోల్టన్ అనే ఊరి చుట్టుపక్కల చాట్మన్ కుటుంబం వాళ్ల బ్యాండ్, ఫిడేలు లానీ చాట్మన్, గిటారూ పాటా వాల్టర్ విన్సన్. 1930లో ష్రీవ్‌పోర్ట్‌లో రికార్డు చేసిన 'సిటింగ్ ఆన్ టాప్ ఆఫ్ ది వరల్డ్' పెట్టుకోండి. మొదటిసారి మామూలుగా వినేయండి. రెండోసారి గొంతు ఆగిన చోట ఏం జరుగుతోందో అదొక్కటే పట్టుకోండి. పాడేవాడు లైను ముగించి ఊపిరి పీల్చుకునేలోపు ఫిడేలు అందుకుంటుంది, అతను మళ్లీ ఎత్తుకునేసరికి తప్పుకుంటుంది, ఇద్దరు మనుషులు అరుగు మీద కూర్చుని కష్టం చెప్పుకుంటున్నట్టు ఉంటుంది. నాకు బ్లూస్ ఫిడేలు పిచ్చి పట్టడానికి కారణం ఇదే, సోలోలు కాదు.

తర్వాత మిసిసిపీ బ్లూస్ గాయకుడు చార్లీ ప్యాటన్ 1929లో హెన్రీ సిమ్స్ ఫిడేలుతో చేసిన 'ఎల్డర్ గ్రీన్ బ్లూస్'. ఇది గరుకుగా ఉంటుంది, రికార్డు కూడా బరబరమంటుంది, హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి. సిమ్స్ పాడేవాడి గొంతు వెనకాలే నీడలా వెళ్తుంటాడు, కచేరీలో పక్కవాద్యం వయొలిన్ చేసే పని తెలిసినవాళ్లకి ఇది వెంటనే అర్థమైపోతుంది. ఇదే సిమ్స్ 1942లో మడ్డీ వాటర్స్ ఇంకా మిసిసిపీలోని స్టోవాల్ ప్లాంటేషన్‌లో (పెద్ద పత్తి తోట) ఉండగా ఆయనతో కూడా వాయించాడు, అంటే షికాగో ఎలక్ట్రిక్ బ్లూస్‌కి పెద్ద దిక్కైన మనిషి కూడా ఒకప్పుడు ఫిడేలు పక్కన కూర్చుని పాడినవాడే.

ఇక వాయించడం. శ్రుతి మార్చాలా అంటే, మీరు ఒంటరిగా వాయించేటప్పుడు అక్కర్లేదు. వెస్ట్రన్ శ్రుతిలో 'A' కీలో వాయిస్తే పై రెండు తీగలు సా, పా అవుతాయి, మనవీ సా, పానే, కాబట్టి ఆ రెండు తీగల మీద వేళ్లు పడే చోట్లు అవే. అమెరికా పాత ఫిడేలు వాళ్లు కొన్ని పాటలకి నాలుగు తీగల్నీ మనలాగే సా పా సా పా అని కట్టుకునేవాళ్లు కూడా. గిటారు ఫ్రెండ్ తోడుంటే మీ శ్రుతి ఎంతో చెప్పండి చాలు, ఒకటిన్నర (C షార్ప్) అయితే ఒకటో ఫ్రెట్‌లో (గిటారు మెడ మీది అడ్డగీతలే ఫ్రెట్లు) కేపో అనే క్లిప్పు పెట్టి 'C' షేపుల్లో వాయించేస్తాడు. కూర్చుని కాలి మీద ఆనించి పట్టుకునే అలవాటు ఉంటే అదే ఉంచుకోండి, గడ్డంతో బిగించక్కర్లేదు కాబట్టి ఎడమ చెయ్యి ఫ్రీగా జారుతుంది, పాత పల్లెటూరి ఫిడేలు వాళ్లలోనూ చాలామంది ఛాతీకి ఆనించి దించి పట్టుకునేవాళ్లే.

స్వరాలు శుద్ధ ధన్యాసి రాగానివే, సా, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, పా, కైశికి నిషాదం. దానికి తోడు మధ్యలో ప్రతి మధ్యమం తగిలీ తగలనట్టు. కాకపోతే రాగంలా వాయిస్తే బ్లూస్ అవ్వదు, కంపితాలు (స్వరాన్ని ఊపడం) పూర్తిగా మానెయ్యాలి, జారు (స్వరం నుంచి స్వరానికి జారడం) మాత్రమే ఉంచుకోవాలి. నేర్చుకున్నవాళ్ల చెయ్యి ఊరుకోదు, దానంతటదే ఊగుతుంది, మొదట్లో ఒక స్వరాన్ని కదలకుండా చప్పగా లాగడం ప్రాక్టీస్ చేయండి, విసుగ్గా ఉన్నా సరే.

అసలు మజా గాంధారంలో ఉంది, దీని మీద టైమ్ పెట్టండి. గిటారు 'సా' కార్డు (సా మీద కట్టిన, ఒకేసారి మోగే స్వరాల గుంపు) మీద ఉన్నప్పుడు సాధారణ గాంధారం మీద వేలు వేసి అంతర గాంధారం వైపు కొంచెం నెట్టండి, కానీ అక్కడికి చేరకండి, ఆ రెంటి మధ్య ఎక్కడో ఆగాలి. పియానో మీద ఆ చోటు లేదు, ఫిడేలుకి ఫ్రెట్లు లేవు కాబట్టి మనకి దొరుకుతుంది. గిటారు 'మ' (మధ్యమం) కార్డుకి మారగానే మాత్రం అదే గాంధారాన్ని నెట్టకుండా ఉన్నచోటే ఉంచండి, ఎందుకంటే ఇప్పుడది ఆ కార్డుకి నిషాదం, పైకి నెడితే కరకరమంటుంది. వేలు అదే, కింద కార్డు మారిందంతే, అయినా అదే స్వరం వేరే మాట చెప్తుంది. ఈ ఒక్క తేడా చేతికొస్తే జనం తల ఊపడం మొదలెడతారు.

ఇంకోటి ఏడుపు. సా తీగ మీద చిటికెన వేలు ప్రతి మధ్యమం దగ్గర పెట్టి, పక్కనున్న పా తీగని ఖాళీగా కలిపి బో (కమాను) లాగుతూ, వేలిని పా దాకా నెమ్మదిగా జార్చండి. మొదట రెండు స్వరాలు కొట్టుకుంటూ గీరుకుపోతాయి, దగ్గరకొచ్చేకొద్దీ ఆ కొట్టుకోవడం నెమ్మదించి ఒక్క స్వరమైపోతుంది. తొందరగా జారిస్తే పండదు.

బో విషయంలో పొడుగ్గా అందంగా లాగకండి, మధ్యలో జానెడు మేరే వాడండి, ప్రతి దెబ్బ మొదట్లో కొంచెం బరువు వెయ్యండి. నడక తిస్రం, తకిటలో 'తకి' కలిపి ఒకటి, 'ట' పొట్టిగా ఇంకోటి, తా-ట తా-ట అని. మెట్రోనోమ్‌ని (లయకి క్లిక్కులు కొట్టేది) నిమిషానికి 40కి పెట్టి ఆ క్లిక్కుల్ని రెండో బీటు, నాలుగో బీటు అనుకోండి, ఒకటీ మూడూ మీ కాలు చూసుకుంటుంది. మొదటి వారం చిరాకొస్తుంది, తర్వాత మామూలు క్లిక్ పెడితే సైనికుల కవాతులా అనిపిస్తుంది.

ఇప్పుడు పాటలో పెట్టడం. ఎక్కువ బ్లూసులు నాలుగు బీట్ల ఆవర్తనాలు 12 మీద నడుస్తాయి, నాలుగేసి చొప్పున మూడు లైన్లు, మొదటి లైనే రెండోసారీ పాడి మూడో లైన్లో జవాబు చెప్తారు (షీక్స్ పాట దీనికంటే పొట్టిది, కంగారు పడకండి). ప్రతి లైన్లో పాట సుమారు రెండు ఆవర్తనాల్లో అయిపోతుంది, మిగతా రెండు మీవి. ఆ ఖాళీ మొత్తం నింపెయ్యాలని చూడకండి ప్లీజ్. పాడినవాడి చివరి మాట ఏ స్వరం మీద ఆగిందో అక్కడే ఎత్తుకుని మూడు నాలుగు స్వరాల్లో ముగించి, అతను నోరు తెరిచేలోపు బో ఎత్తెయ్యండి. నెరవల్‌లో (పాటలో ఒకే లైనుని రకరకాలుగా విస్తరించడం) జవాబు చెప్పడం తెలిసినవాళ్లకి ఎత్తుకోవడం సులువే, ముగించడమే కష్టం.

తోడు ఎవరూ లేకపోతే మీరే పాడుకోండి, సాహిత్యం తెలుగైనా పర్లేదు, ఏదో ఒక గోడు వెళ్లబోసుకుంటూ రెండు ఆవర్తనాలు పాడి రెండు వాయించండి, ఫోన్లో రికార్డు చేసి వినండి.

ఇది కుదిరాక క్లారెన్స్ గేట్‌మౌత్ బ్రౌన్ దగ్గరకి వెళ్లండి, గిటారూ ఫిడేలూ రెండూ ఇరగదీసేవాడు. ఎలక్ట్రిక్ కావాలంటే షుగర్‌కేన్ హ్యారిస్, పాపా జాన్ క్రీచ్. పాతకాలం వాళ్లు చెయ్యి ఎలా వాడారో కళ్లారా చూడాలంటే పాతతరం ఫిడేలు వాద్యకారుడు హోవర్డ్ ఆర్మ్‌స్ట్రాంగ్ మీద 1985లో వచ్చిన 'లూయీ బ్లూయీ' డాక్యుమెంటరీ దొరకబుచ్చుకోండి, ఆయన వాయించే చోటల్లా స్పీడు తగ్గించి కుడి మణికట్టు మాత్రమే చూడండి, ఎడమ చెయ్యి ఎలాగూ మీకు తెలిసిందే.