మతి ఉండగానే రాయించుకోవాలి: పొలానికి, బ్యాంకుకు, ఆసుపత్రికి వేర్వేరు కాగితాలు

"నాయన మంచాన పడితే ఏం, జీపీఏ ఉందిగా" అని చాలా ఇళ్లలో ధైర్యంగా ఉంటారు. జీపీఏ అంటే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, తన తరఫున పనులు చూసే అధికారాన్ని ఇంకొకరికి (ఏజెంటుకు) రాసిచ్చే కాగితం. మంచాన పడినా మాట తెలుస్తుంటే ఆ జీపీఏ పనికొస్తుంది. మతి తప్పితే పనికిరాదు. కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ ప్రకారం రాసిచ్చినవారు చనిపోయినా, మతిస్థిమితం పోయినా ఏజెంటు అధికారం అక్కడితో ఆగిపోతుంది. అమెరికాలో ఉండే పిల్లలు మతి తప్పినా చెల్లే అక్కడి డ్యూరబుల్ పవర్ ఆఫ్ అటార్నీని చూసి ఇక్కడా అంతే అనుకుంటారు. మన చట్టంలో ఆ ఏర్పాటు లేదు. పక్షవాతంతో స్పృహ పోయిన మనిషి ఆస్తి వ్యవహారం చూడాలంటే హైకోర్టుకు పోయి సంరక్షకుడిగా నియమించమని అడగాల్సి వస్తుంది. అందుకే ఒక్క జీపీఏను నమ్ముకోకుండా మూడు ఏర్పాట్లు విడివిడిగా చేసుకోవాలి.

మొదట బ్యాంకు సంగతి చూడండి, ఇది అన్నిటికన్నా తేలిక. సేవింగ్స్ ఖాతాలో, ఫిక్సెడ్ డిపాజిట్లలో భార్య పేరో, నమ్మకమైన బిడ్డ పేరో కలిపి 'ఐదర్ ఆర్ సర్వైవర్' పద్ధతికి మార్పించండి. అప్పుడు ఒకరు ఆసుపత్రిలో ఉన్నా రెండోవారు సేవింగ్స్ డబ్బు, గడువు తీరిన డిపాజిట్ తీయగలరు. డిపాజిట్ రసీదుల మీద ఎవరి పేరుందో, ఏ పద్ధతి రాసి ఉందో ఒక్కొక్కటీ తీసి చూడాలి. ఖాతా జాయింటుగా ఉండి, డిపాజిట్ ఒక్కరి పేరునే ఉండిపోయే ఇళ్లు చాలా ఉన్నాయి. సంతకం పెట్టలేని జబ్బు మనిషికి వేలిముద్ర చాలు. చేతివేలు కుదరకపోతే కాలివేలి ముద్రైనా తీసుకోవచ్చని రిజర్వు బ్యాంకు చెప్పింది. ఇద్దరు సాక్షులు ఉండాలి, వాళ్లలో ఒకరు బాధ్యత గల బ్యాంకు అధికారి అయి ఉండాలి.

ఇక పొలం, ఇల్లు, రొయ్యల గుంటల కౌలు, కోర్టు పనులు. వీటికి పవర్ ఆఫ్ అటార్నీ కావాలి. ఒక్క పనికైతే స్పెషల్ పవర్ రాయించండి, అది చాలు. దస్తావేజు లేఖరి దగ్గర తయారుగా ఉండే జీపీఏ నమూనాలో అమ్మకం, తనఖా, గిఫ్టు అన్నీ ఉంటాయి. చదవకుండా సంతకం పెడితే ఇల్లు అమ్మే హక్కు కూడా ఇచ్చేసినట్టే. ఇవ్వదలచుకోని అధికారాన్ని కొట్టేయించి, ఇచ్చేదాన్ని ఇలా విప్పి రాయించాలి: "కింద షెడ్యూలులోని భూమిని ఏడాదికి మించకుండా కౌలుకిచ్చి, కౌలు సొమ్మును నా ఖాతాలోనే జమ చేయించు అధికారము మాత్రమే. అమ్ముటకు, తనఖా పెట్టుటకు అధికారము లేదు."

షెడ్యూలు, అంటే ఆస్తి వివరాలు రాసే భాగం దగ్గరే ఎక్కువ కాగితాలు చెడిపోతాయి. పాసుపుస్తకంలో 412/2ఎ ఉంటే 412/2 అని రాసి వదిలేస్తారు. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, పాత దస్తావేజులో ఒక్క అక్షరమే ఉంటుంది. అడంగల్, 1బి (రెవెన్యూ భూమి రికార్డులు), ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే సర్టిఫికెట్) ముందు పెట్టుకుని సర్వే నంబరు, సబ్ డివిజన్, విస్తీర్ణం, నాలుగు హద్దులు సరిచూడండి. పేరులో తేడా ఉంటే, ఆ రెండు పేర్లూ ఒకే మనిషివని కాగితంలోనే రాయించండి.

ఏజెంటు రిజిస్ట్రాఫీసులో దస్తావేజు దాఖలు చేయాల్సి ఉంటే నోటరీ ముద్ర సరిపోదు. రిజిస్ట్రేషన్ చట్టం 33వ సెక్షన్ ప్రకారం, రాసిచ్చేవారు కాపురముండే పరిధిలోని సబ్ రిజిస్ట్రారు ఎదుట ఆ పవర్ రాసి ధ్రువీకరణ పొందాలి. కావలిలో ఉండే మనిషి కావలిలోనే చేయించుకోవాలి, పొలం ఎక్కడున్నా సరే. కదలలేని మనిషైతే రిజిస్ట్రారు ఇంటికొచ్చి విచారించే వీలు అదే సెక్షన్‌లో ఉంది. దానికి డాక్టరు సర్టిఫికెట్‌తో అర్జీ పెట్టండి. మనిషికి మతి బాగుందని కూడా అదే సర్టిఫికెట్‌లో రాయించుకోండి, రేపు అన్నదమ్ముల్లో ఎవరైనా కోర్టుకెక్కితే అదే సాక్ష్యం.

విదేశంలో ఉన్నవాళ్లు అక్కడి భారత కాన్సులేట్‌లో గానీ, నోటరీ ఎదుట గానీ సంతకం చేసి పంపాలి. కాగితం మన దేశంలో అందిన 3 నెలల్లోపు స్టాంపు వేయించాలి. నెల్లూరు, ఒంగోలు జిల్లా రిజిస్ట్రారు ఆఫీసుల్లో ఆ పని అవుతుంది. కవరు మీది తేదీ ముద్ర పారేయకండి, గడువు లెక్కకు అదే ఆధారం.

జీపీఏ మీద కొన్న స్థలం మీ సొంతం కాదు. సుప్రీంకోర్టు 2011లో తేల్చి చెప్పింది. అమ్మకం దస్తావేజు రిజిస్టరైతేనే హక్కు వస్తుంది.

ఆసుపత్రి విషయం వేరే. ఆస్తి కోసం రాసిన జీపీఏను చూసి డాక్టరు వెంటిలేటరు తీయడు. దానికి ముందస్తు వైద్య ఆదేశం రాసుకోవాలి. 2018లో సుప్రీంకోర్టు దీనికి దారి చూపింది, 2023 జనవరిలో ఆ పద్ధతిని సులువు చేసింది. 18 ఏళ్లు నిండి, మతి స్థిమితంగా ఉన్నవారు ఎవరైనా రాయవచ్చు. కోలుకునే ఆశ లేని దశలో ఏ చికిత్స వద్దో స్పష్టంగా రాయాలి. 'అనవసర చికిత్స వద్దు' అంటే డాక్టరుకు ఏమీ తెలియదు. వెంటిలేటరు, డయాలిసిస్, గొట్టంతో ఆహారం అని పేరుపేరునా చెప్పండి. తాను చెప్పలేని స్థితిలో ఎవరు నిర్ణయించాలో ఒకరికంటే ఎక్కువ పేర్లు వరుసగా రాయండి. ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి, నోటరీతో గానీ గజిటెడ్ అధికారితో గానీ ధ్రువీకరించుకోవాలి.

ఆ తరువాత కూడా ఆసుపత్రి వెంటనే ఆపేయదు. చికిత్స చేస్తున్న డాక్టరు, ఇంకో ఇద్దరు నిపుణులు కలిసి బోర్డుగా చూస్తారు. రెండో బోర్డు కూడా సరేనన్నాక, మేజిస్ట్రేటుకు తెలియజేసి అమలు చేస్తారు. కాబట్టి కాగితం ఇంటి బీరువాలో ఉండిపోతే లాభం లేదు. రాత్రికి రాత్రి చెన్నైకో గుంటూరుకో తీసుకుపోయేటప్పుడు దొరకాలి. మీరు చూపించుకునే డాక్టరుకొకటి, పేరు రాసిన ప్రతివారికొకటి, మునిసిపాలిటీ లేదా పంచాయతీలో ఒకటి ఇచ్చి, ఫోనులో ఫోటో పెట్టుకోండి.

మానసిక జబ్బు చికిత్సకైతే 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కింద ప్రతినిధిని తెల్లకాగితం మీద రాసి సంతకం చేసినా చెల్లుతుంది.

ఏజెంటు మీద నమ్మకం పోతే ఊరికే కాగితం చింపేస్తే చాలదు. రద్దు దస్తావేజు రాయించి, పవర్ రిజిస్టరైన ఆఫీసులోనే అది కూడా రిజిస్టరు చేయించాలి. ఏజెంటుకు స్పీడ్ పోస్టులో, బ్యాంకుకు, కౌలుదారుకు విడిగా నోటీసు వెళ్లాలి. రద్దు సంగతి తెలియకుండా వ్యవహరించినవారి పట్ల పాత అధికారమే చెల్లుతుందని కాంట్రాక్టు చట్టం 208వ సెక్షన్ చెబుతుంది. కౌలుదారుకు నోటీసు అందేలోపు ఏజెంటుకిచ్చిన కౌలు సొమ్ము మళ్లీ కౌలుదారు దగ్గర అడగడానికి ఉండదు.