ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన నా భార్యకు మిర్యాలగూడలో స్థిర నివాసం: నా అనుభవం

గల్ఫ్‌లో ఉద్యోగ విరమణ చేసి, ఫిలిప్పీన్స్ పౌరురాలైన నా భార్యతో మిర్యాలగూడలో స్థిరపడాలనుకున్నప్పుడు మాకు ఎదురైన మొదటి చిక్కు, రిటైరైనవారి కోసం మన దేశంలో ప్రత్యేక వీసా అంటూ లేకపోవడం. పర్యాటక వీసాతో కాపురం సాగదు కనుక, భారతీయుల జీవిత భాగస్వాములకు ఇచ్చే ఎంట్రీ వీసా మీద ఆమె వచ్చింది. ఆ వీసా 180 రోజులకు మించినది కావడంతో, వచ్చిన 14 రోజుల్లోగా, విదేశీయుల నమోదు కోసం ప్రభుత్వం నడిపే ఈ-ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ పోర్టల్‌లో నమోదు చేయించాను.

అసలు కష్టం ఓసీఐ కార్డు (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా; భారతీయుల విదేశీ జీవిత భాగస్వాములు వంటి అర్హులకు మన ప్రభుత్వం ఇచ్చే కార్డు) దగ్గర వచ్చింది. 1955 నాటి పౌరసత్వ చట్టంలోని 7ఏ సెక్షన్ ప్రకారం వివాహం రిజిస్టరై, దరఖాస్తుకు ముందు కనీసం 2 ఏళ్లు ఎడతెగకుండా కొనసాగి ఉండాలి. మా వివాహం మనీలాలో రిజిస్టరై చాలా ఏళ్లయినా, ధ్రువపత్రానికి అపోస్టిల్ (పత్రం ఇతర దేశాల్లో చెల్లేలా అది జారీ అయిన దేశ ప్రభుత్వం ఇచ్చే ధ్రువీకరణ) లేదని దరఖాస్తు వెనక్కి వచ్చింది. ఆ దేశంలో 2019 నుంచి అపోస్టిల్ విధానం అమలులో ఉన్నందున, అక్కడి గణాంక సంస్థ నుంచి కొత్త ప్రతి తీసుకొని, విదేశాంగ శాఖ చేత అపోస్టిల్ చేయించి నా మరదలు పంపించిన తరువాతే పని ముందుకు సాగింది.

కార్డు చేతికొస్తే జీవితాంతం వీసా అవసరం, పోలీసు నమోదు అవసరం ఉండవు. అయితే సాగర్ ఎడమ కాలువ కింద పొలం కొని భార్య పేరిట రాయించాలనుకునేవారు గమనించాలి: ఓసీఐ కార్డుదారులు వ్యవసాయ భూమి కొనరాదు. విడాకులైతే కార్డు కూడా పోతుంది. మన ఊరిని నమ్మి వచ్చిన ఆమెకు ఈ సంగతి ముందే చెప్పవలసిన బాధ్యత భర్తదేనని నా అభిప్రాయం.